గుండెకు విశ్రాంతి: పాము విషం నుంచి ఆపిల్ బెరడు దాకా

గుండె పంపింగ్ తగ్గిన మనిషి మాత్రల డబ్బా తెరిచి చూస్తే, ఇంత చిత్రమైన వంశావళి ఉన్న మందులు ఇంకే జబ్బులోనూ ఒకచోట చేరి ఉండవేమో అనిపిస్తుంది. ఒక మాత్ర పుట్టుక బ్రెజిల్ పాము విషంలో ఉంది. ఇంకోదాని పూర్వీకుడు ఆపిల్ చెట్టు బెరడు. మరొకటి, ఈ జబ్బు ఉన్నవాళ్లకు పొరపాటున కూడా ఇవ్వకూడదని ఒకప్పుడు వైద్య పుస్తకాలే హెచ్చరించిన మందు. వీటికి తోడు, పొద్దున్నే వేసుకుంటే మధ్యాహ్నం దాకా బాత్రూమ్ చుట్టూ తిప్పే నీరు తీసే మాత్ర ఉండనే ఉంది.

ఈ మందుల రికార్డుల్లోకి వెళ్లేముందు అసలు ఒంట్లో ఏం జరుగుతుందో కాస్త చెప్పుకోవాలి. అది తెలియకపోతే మిగతాదంతా గారడీలా ఉంటుంది.

కిడ్నీ పడే అతి పెద్ద పొరపాటు

మామూలు గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, నిమిషానికి 5 లీటర్ల రక్తం తోస్తుంది. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని రాసే అంకె, ఎడమ గదిలో నిండిన రక్తంలో ఎంత శాతం ఒక్కో దెబ్బకు బయటికి పోతోందో చెబుతుంది. అది 55 దాటితే దిగులు లేదు. 40గానీ అంతకు తక్కువగానీ ఉండి, దానికి ఆయాసం, వాపు తోడైతే పంపింగ్ తగ్గిన రకం గుండె వైఫల్యం కింద లెక్క.

గుండెపోటు వల్లో, ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ వల్లో పంపింగ్ పడిపోయినప్పుడు కిడ్నీలకు రక్తం తక్కువ అందుతుంది. గుండె బలహీనపడిన సంగతి కిడ్నీకి తెలియదు. మనిషికి ఎక్కడో గాయమై రక్తం పోతోందనుకుంటుంది. వెంటనే రెనిన్ వదులుతుంది. దాని ఫలితంగా యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలను బిగిస్తుంది. ఆల్డోస్టిరోన్ ఉప్పునూ నీటినీ ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. మరోపక్క అడ్రినలిన్ గుండెను పరుగెత్తిస్తుంది. నిజంగా నెత్తురు కారుతున్నవాడికి ఈ ఏర్పాటు కొన్ని గంటలపాటు ప్రాణం నిలుపుతుంది. అదే హడావిడి బలహీనమైన గుండె మీద నెలల తరబడి సాగితే? బిగుసుకున్న నాళాల్లోకి రక్తం తోయాలి, పెరిగిన నీటి బరువు మోయాలి, పైగా తీరిక లేకుండా కొట్టుకోవాలి. కాళ్లకు నీరు పడుతుంది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో అదిమి తీస్తే పడిన గుంట ఎంతసేపటికీ పూడదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండో దిండు, ఆ తర్వాత మూడో దిండు కావాలి.

ఈ రోగులకు ఆయుష్షు పెంచిన మందుల్లో ఎక్కువ భాగం ఈ తప్పుడు హడావిడిని ఏదో ఒకచోట అడ్డుకునేవే. అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే నాలుగడుగులు వేగంగా వేసి కూలబడుతుంది. బండి మీద బరువు దించితే ఊరు చేరుస్తుంది. ఈ మందుల చరిత్రంతా ఈ తేడాను వైద్యులు గ్రహించిన చరిత్రే.

వయసులో అన్నిటికన్నా పెద్దది

ఆ గౌరవం ఫాక్స్‌గ్లవ్ అనే ఊదారంగు పూల మొక్కది. 1775లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ దగ్గరికి ఒక నాటుమందు వచ్చింది. ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక ముసలమ్మ, ఒంటికి నీరు పట్టిన రోగులకు ఇరవై దాకా మూలికలు కలిపి ఇచ్చేదట. పెద్ద డాక్టర్లు చేతులెత్తేసినవాళ్లు కూడా కొందరు దాంతో తేరుకునేవారు. విదరింగ్ స్వయంగా వృక్షశాస్త్రం తెలిసినవాడు కాబట్టి, ఆ కలగూరలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని పట్టేశాడు. పట్టగానే పుస్తకం రాయలేదు. పదేళ్లు ఆగి, 163 మంది రోగుల వివరాలతో 1785లో అచ్చువేశాడు. నయమైనవాళ్లతోపాటు ఫలితం లేనివాళ్ల కథలూ, మోతాదు మించి వాంతులు పట్టుకున్నవాళ్ల కథలూ అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంత నిజాయితీగా లెక్క అప్పజెప్పిన వైద్యులు అరుదు.

ఈ కుటుంబంలో నేటికీ వాడే డిగాక్సిన్, గుండె కణాల గోడలో సోడియాన్ని బయటికి తోసే పంపును కాస్త అడ్డుకుంటుంది. దాంతో కణంలో కాల్షియం పెరిగి కండరం గట్టిగా ముడుచుకుంటుంది. నాడి వేగాన్నీ తగ్గిస్తుంది. ఆ సోడియం పంపును కనిపెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ. 1957లో పీత కాళ్ల నరాల మీద ప్రయోగాలు చేస్తూ దాని ఆచూకీ పట్టాడు. 1997లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. సరిగ్గా అదే ఏడాది 6,800 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం వెలువడి డిగాక్సిన్ గాలి తీసేసింది. ఆసుపత్రిలో చేరడాలు తగ్గాయిగానీ మరణాలు తగ్గలేదు. రెండు శతాబ్దాల మహారాజుకు ఇప్పుడు పక్క వరుసలో చోటు.

మనకూ ఈ మొక్కతో దూరపు చుట్టరికం ఉంది. కంచెల వెంట, గుళ్ల దగ్గర పూసే పచ్చ గన్నేరు గింజల్లోని విషం అదే పంపును పట్టుకుంటుంది. పిల్లలు తెలియక ఆ కాయ కొరికితే గుండె లయ తప్పేది అందుకే. డిగాక్సిన్ విరుగుడుగా తయారైన ప్రతిరక్షక ఇంజెక్షన్ పచ్చ గన్నేరు విషానికీ పనిచేస్తుందని శ్రీలంక వైద్యులు చేసిన పరీక్షలో తేలింది.

అన్నిటికన్నా తొందరగా ఊరటనిచ్చేది

నీరు తీసే మాత్రలు రాకముందు, వాచిన కాళ్లలోకి సన్నని లోహపు గొట్టాలు గుచ్చి నీటిని గిన్నెల్లోకి కార్చేవారు. విక్టోరియా కాలపు లండన్ వైద్యుడు రెజినాల్డ్ సౌతీ పేరు మీద వాటికి సౌతీ గొట్టాలని పేరు. దీని తర్వాతి మలుపు మరీ విచిత్రం. 1919లో వియన్నా ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ వోగ్ల్ అనే మూడో ఏడు వైద్య విద్యార్థి, సిఫిలిస్ ఉన్న ఒక రోగికి పాదరసం కలిసిన మందు ఇంజెక్షన్ ఇచ్చాడు. నర్సులు రాసిపెట్టిన మూత్రం లెక్క ఉన్నట్టుండి పెరిగిపోయింది. గుండె జబ్బుతో నీరు పట్టినవాళ్లకు అదే ఇచ్చి చూస్తే లీటర్ల కొద్దీ నీరు దిగింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ప్రపంచమంతా గుండె రోగులకు పాదరసం ఎక్కించింది! 1950ల చివర క్లోరోథయజైడ్, 1960లలో ఫ్యూరోసెమైడ్ వచ్చాక గానీ ఆ బెడద వదల్లేదు.

లాసిక్స్ పేరుతో మందుల షాపుల్లో అందరూ అడిగే ఫ్యూరోసెమైడ్, కిడ్నీ గొట్టంలోని ఒక మెలిక దగ్గర ఉప్పు తిరిగి రక్తంలోకి వెళ్లకుండా అడ్డుపడుతుంది. ఉప్పు వెంట నీరూ పోతుంది. ఇంజెక్షనైతే నిమిషాల్లో, మాత్రైతే గంటలోపు పని మొదలవుతుంది. రాత్రి ఊపిరాడక అంబులెన్సులో వచ్చినవాడు తెల్లారేసరికి మామూలుగా మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్లకు దేవుడు కనిపించినట్టు ఉంటుంది. కానీ ఒక మెలిక ఉంది. ఇంత ఊరటనిచ్చే ఈ మందు ఆయుష్షును పెంచుతుందని నిరూపించిన పెద్ద పరీక్ష ఏదీ లేదు. ఇది నీటిని దించుతుంది, జబ్బును కాదు. రోగికి మాత్రం ఇదొక్కటే మందులా అనిపిస్తుంది, మిగతావి వేసుకున్నా తేడా తెలియదు కాబట్టి. డబ్బులకు ఇబ్బందై ఏదో ఒకటి మానేయాల్సి వస్తే జనం మానేసేది ఆ మిగతావాటినే. ఈ జబ్బులో ఇంతకన్నా ఖరీదైన పొదుపు లేదు.

అన్నట్టు, పొద్దున లాసిక్స్ వేసుకుని మధ్యాహ్నం ఆవకాయ కలుపుకుంటే, మాత్ర బయటికి పంపిన ఉప్పు మళ్లీ లోపలికే వస్తుంది.

విషం నుంచి పుట్టిన మందుల్లో మేటి

బ్రెజిల్‌లో జరారాక అనే పాము కాటేస్తే మనిషి బీపీ అమాంతం పడిపోతుంది. ఎందుకలా అని వెతికిన మౌరీసియో రోచా ఎ సిల్వా బృందం 1940ల చివర బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. ఆయన శిష్యుడు సెర్జియో ఫెరేరా, ఆ విషంలో బ్రాడికైనిన్ ప్రభావాన్ని పెంచే అంశాలున్నాయని తేల్చి, 1960లలో దాన్ని వెంటబెట్టుకుని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్లాడు. యాంజియోటెన్సిన్ తయారీకి అవసరమైన ఎంజైమ్‌ను ఆ విషం అడ్డుకుంటోందని అక్కడ తెలిసింది. మింగితే పనిచేసే మందు కావాలి కదా! అమెరికాలో స్క్విబ్ కంపెనీ శాస్త్రవేత్తలు డేవిడ్ కష్‌మన్, మిగెల్ ఒండెట్టి ఆ ఎంజైమ్ ఆకారాన్ని ఊహించి, దానికి సరిగ్గా అతుక్కునే చిన్న అణువును తయారుచేశారు. అదే కాప్టోప్రిల్. 1981లో బీపీ మందుగా అమెరికా అనుమతి పొందింది. దాని తోబుట్టువులే ఎనలాప్రిల్, రామిప్రిల్.

గుండె వైఫల్యంలో వీటి సత్తా తేల్చిన పరీక్ష నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో జరిగింది, ఫలితం 1987లో వెలువడింది. రోగులు 253 మందే. అందరూ మంచం పట్టే దశలో ఉన్నవాళ్లు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఆరు నెలల్లో 44 శాతం చనిపోతే, ఎనలాప్రిల్ వేసుకున్నవారిలో 26 శాతం చనిపోయారు. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి పరీక్షను మధ్యలోనే ఆపేశారు. తక్కువ మందితో ఎక్కువ చెప్పిన పరీక్షగా నా ఓటు దీనికే.

ఈ మాత్రలతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. దానికీ కారణం బ్రాడికైనిన్ పోగుపడటమేనంటారు. దగ్గు మందు సీసాలు ఖాళీ చేసే బదులు డాక్టరుకు చెబితే, అదే దారిని ఇంకోచోట అడ్డుకునే సార్టాన్ రకానికి మారుస్తారు.

అన్నిటికన్నా పెద్ద ప్లేటు ఫిరాయింపు

బీటా బ్లాకర్లు అడ్రినలిన్‌ను గుండె దగ్గరికి రానివ్వవు. ప్రొప్రానొలోల్‌ను తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ దక్కింది. కానీ ఇవి గుండె వేగాన్నీ బలాన్నీ తగ్గిస్తాయి. అసలే బలహీనంగా ఉన్న గుండెకు ఇవ్వడమేమిటని పుస్తకాలన్నీ నిషేధం రాశాయి. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం ఆ మాట వినలేదు. ఏడుగురు రోగులకు ఇచ్చి, వాళ్లు మెరుగయ్యారని 1975లో ప్రకటించింది. నమ్మినవాళ్లు తక్కువ. ఆ తర్వాత దాదాపు పాతికేళ్లకు, 1999లో, బైసోప్రొలోల్ మీద ఒకటి, మెటోప్రొలోల్ మీద ఒకటి రెండు పెద్ద పరీక్షలు బయటికొచ్చాయి. రెండింట్లోనూ మరణాలు 34 శాతం తగ్గాయి. నిన్నటి నిషేధం నేటి నియమమైంది.

వీటిని వాడే పద్ధతిలోనే కిటుకుంది. ఇదే రకానికి చెందిన కార్వెడిలోల్ మొదటి మోతాదు 3.125 మిల్లీగ్రాములు. రెండేసి వారాలకోసారి రెట్టింపు చేస్తూ, ఓర్చుకోగలిగితే 25 దాకా, అంటే ఎనిమిది రెట్ల దాకా తీసుకెళతారు. మొదటి వారాల్లో నీరసం ఎక్కువైనట్టు ఉంటుంది. ఫలితం నెలల మీద కనిపిస్తుంది. అడ్రినలిన్ పోటు తగ్గాక గుండె గది సైజు తగ్గుతుంది, పంపింగ్ పెరుగుతుంది. ఈఎఫ్ 25 ఉన్నవారికి ఏడాదిలో 40 దాటిన రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ పండగ చేసుకోవడం కార్డియాలజీ ఓపీల్లో అరుదేమీ కాదు.

ముల్లుగర్ర తెచ్చిన చేటు

గుండెను గట్టిగా కొట్టుకునేలా చేసే మిల్రినోన్‌ను మాత్రగా ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. 1,088 మంది రోగులు. మందు వేసుకున్నవారిలో మరణాలు 28 శాతం ఎక్కువ. ఇంజెక్షన్‌గా మాత్రం ఐసీయూలో కొద్దికాలానికి ఇప్పటికీ వాడతారు.

గుండె తనకు తాను తయారుచేసుకునే మందు

1981లో కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ ఎలుక గుండె పైగదుల కండరం నూరి, ఆ సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కించాడు. అవి ధారాళంగా ఉప్పు, నీరు విసర్జించాయి. అప్పటిదాకా పంపు మాత్రమే అనుకున్న గుండె హార్మోన్లు తయారుచేసే గ్రంథి కూడా అని అలా తెలిసింది. గుండె గోడలు సాగినప్పుడు విడుదలయ్యే ఈ హార్మోన్లు నాళాలను వదులు చేస్తాయి, నీటిని దించుతాయి. ఆయాసం గుండెదా ఊపిరితిత్తులదా అని తేల్చడానికి ఇప్పుడు ల్యాబుల్లో చేసే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పరీక్ష ఈ కుటుంబానిదే.

చిక్కేమిటంటే, నెప్రిలైసిన్ అనే ఎంజైమ్ వీటిని ఎప్పటికప్పుడు కొరికేస్తుంటుంది. సాకుబిట్రిల్ దాన్ని ఆపుతుంది. దానికి వల్సార్టాన్ జోడించిన మాత్రను ఎనలాప్రిల్‌తోనే పోటీకి పెట్టారు. 2014లో వెలువడిన ఆ పరీక్షలో 8,000 మందికి పైగా పాల్గొన్నారు. గుండె జబ్బు మరణాలు ఇంకో 20 శాతం తగ్గాయి. ప్రిల్ మాత్ర నుంచి దీనికి మారేటప్పుడు 36 గంటల ఎడం తప్పనిసరి. లేకపోతే ముఖం, గొంతు వాచి ప్రాణం మీదికి రావచ్చు. ఏడాదికి 700 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడుపోయిన ఈ మందుకు అమెరికాలో మొదటి జెనరిక్‌ను 2025లో మార్కెట్లోకి దించింది మన హైదరాబాద్ కంపెనీ ఎంఎస్‌ఎన్.

అనుకోకుండా గెలిచినది

1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం తీశారు. అది తింటే మూత్రంలో చక్కెర పోతుందని 1880లలో జర్మనీలో గమనించారు. ఆ గుణాన్నే సాన పట్టి, శతాబ్దం తర్వాత డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తయారుచేశారు. కిడ్నీలు రోజూ 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులోని చక్కెరనంతా దాదాపుగా వెనక్కి లాక్కుంటాయి. ఈ మాత్రలు ఆ లాక్కోవడాన్ని తగ్గిస్తాయి. షుగరు మందులు గుండెకు చేటు చేయవని రుజువు చూపాలని అమెరికా 2008లో పట్టుబట్టింది. చేటు లేదని చూపడానికి మొదలుపెట్టిన పరీక్షలో, 2015లో, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం 35 శాతం తగ్గిందని బయటపడింది. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి.

2019లో గుండె రోగుల మీదే పరీక్షిస్తే, షుగరు లేనివాళ్లకూ అంతే మేలు జరిగింది. 2021లో, ఈఎఫ్ మామూలుగా ఉండి గోడలు బిరుసెక్కిన రకం గుండె వైఫల్యంలోనూ పనిచేసింది. ఆ రకానికి అంతవరకు గట్టి మందే లేదు. కాస్త ఉప్పునీరు పోవడం, కిడ్నీ మీద ఒత్తిడి తగ్గడం, గుండె కణం ఇంధనం వాడే తీరు మారడం, వీటిలో అసలు కారణం ఏదన్న వాదన ఇంకా నడుస్తోంది. మోతాదు మాత్రం అందరికీ ఒకటే: 10 మిల్లీగ్రాములు, రోజుకొకటి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2025 మార్చిలో ముగిసింది. దాదాపు 60 రూపాయలున్న మాత్ర కొన్ని బ్రాండ్లలో పది రూపాయల లోపుకు దిగింది. నా దృష్టిలో ఈ జాబితాలో అసలైన రికార్డు అదే.

మరికొన్ని

ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ ఎప్పటిదో చవక మాత్ర. 1999లో, అప్పటికే ప్రిల్ మందు వాడుతున్నవారిలో కూడా మరణాలను 30 శాతం తగ్గించి అందరినీ ఆశ్చర్యపరిచింది. మగవారిలో పదిమందిలో ఒకరికి రొమ్ములు నొప్పెట్టడమో, పెరగడమో జరిగింది. సిగ్గుపడి దాచుకోకుండా చెబితే ఎప్లిరినోన్‌కు మారుస్తారు. రక్తంలో పొటాషియం పెరగడం దీనితో అసలు ప్రమాదం. ఈ మాత్ర వాడుతూ చలవని రోజూ కొబ్బరి నీళ్లు తాగడం, ఉప్పు బదులు పొటాషియం కలిసిన లో సోడియం ఉప్పు వాడటం మంచిది కాదు.

ఇవాబ్రాడిన్ గుండె లయను నడిపే కణుపులోని అయాన్ ద్వారాల మీదే పనిచేసి నాడిని తగ్గిస్తుంది. కంటిపొరలోనూ అలాంటి ద్వారాలే ఉండటం వల్ల కొందరికి కళ్లముందు మెరుపులు కనిపిస్తాయి.

హైడ్రలజిన్, నైట్రేట్ కలిపిన మాత్రకు 2005లో అమెరికా ఒక్క నల్లజాతి రోగుల కోసమే అనుమతి ఇచ్చింది. జాతి పేరుతో అనుమతి పొందిన మొదటి మందు అదే. మరణాలు 43 శాతం తగ్గిన మాట నిజం, ఆ అనుమతి మీద దుమారం రేగిన మాటా నిజం.

ఇక ఈ జాబితాలో ధరలో అగ్రస్థానం టఫామిడిస్‌ది. ఒక ప్రొటీన్ విడిపోయి గుండె గోడల్లో పేరుకునే అరుదైన జబ్బుకు వాడే ఈ మందు 2019లో అమెరికాలో విడుదలైనప్పుడు ఏడాదికి 2,25,000 డాలర్లు. అంటే అప్పటి లెక్కలో కోటిన్నర రూపాయల పైమాట.

మానేస్తే ఏమవుతుంది?

తిరువనంతపురంలో 1,205 మంది గుండె వైఫల్య రోగుల వివరాలు నమోదు చేస్తే సగటు వయసు 61 దగ్గర తేలింది. పాశ్చాత్య దేశాల కన్నా దాదాపు పదేళ్లు ముందు. సంపాదించే వయసు దాటీదాటకముందే జబ్బు వస్తోంది కాబట్టి, మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలన్నదే ఇంట్లో మొదటి ప్రశ్న అవుతుంది. దానికి బ్రిటన్‌లో 51 మందితో జరిగిన ఒక చిన్న పరీక్ష జవాబు చెప్పింది. కండరం బలహీనపడే జబ్బు నుంచి పూర్తిగా తేరుకుని, ఈఎఫ్ మామూలుకు వచ్చి, ఆయాసం లేని మనుషులు వాళ్లు. సగం మందికి డాక్టర్ల పర్యవేక్షణలోనే మందులు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ ఆపారు. ఆరు నెలల్లో వారిలో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఆ వ్యవధిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. కాబట్టి ఎకో రిపోర్టులో పంపింగ్ 55 వచ్చిన రోజున స్వీట్లు పంచుకోండి, కానీ మాత్రల చీటీ చింపేయకండి. ఏది తగ్గించాలన్నా, ఏది మార్చాలన్నా మీ డాక్టరును అడిగాకే.